ముందు ఆ సూర్యాస్తమయం తీసెయ్

(బొమ్మలు వేసేవాళ్ల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ పెయింటింగ్ టీచర్ జవాబులు)

ప్రశ్న: మేడమ్, నేను హైదరాబాద్‌లో బీఎఫ్‌ఏ పెయింటింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. ఫైనల్ డిస్‌ప్లేకి ఒకే థీమ్ మీద ఎనిమిది బొమ్మల సిరీస్ ఇవ్వాలి. నేను 'ఏకాంతం' తీసుకున్నాను. మూడు పూర్తయ్యాయి. ఒకటి, కిటికీ పక్కన జుట్టు విరబోసుకుని కూర్చున్న అమ్మాయి. రెండోది, ఖాళీ గదిలో ఖాళీ కుర్చీ. మూడోది, సముద్రం ఒడ్డున మనకి వీపు పెట్టి నిలబడ్డ మనిషి, ఎదురుగా సూర్యాస్తమయం. ఫొటోలు పంపుతున్నాను. మా సార్ చూసి, ఇవి గుడ్‌నైట్ మెసేజ్‌లతో వచ్చే బొమ్మల్లా ఉన్నాయన్నారు. అప్పట్నుంచి కుంచె పట్టుకోబుద్ధి కావట్లేదు.

ఇంకో టెన్షన్ కూడా ఉంది. నేనుండే హాస్టల్ రూమ్‌లో నలుగురం. చిన్నప్పుడు ఇంటినిండా మనుషులే. నిజంగా ఒంటరిగా నేనెప్పుడూ లేను. "నీకేం తెలుసమ్మా ఏకాంతం గురించి?" అని జ్యూరీలో అడిగితే ఏం చెప్పాలి? థీమ్ మార్చేయమంటారా? మా నాన్న దుబాయ్‌లో ఉంటాడు, నేను ఇక్కడ, ఇప్పుడు ఇంట్లో అమ్మ ఒక్కతే బీడీలు చుట్టుకుంటూ ఉంటుంది.

(ఆ చివరి వాక్యాన్ని ఉత్తరంలో గీత పెట్టి కొట్టేసింది ఈ అమ్మాయి. తనని అడిగి, సరేనన్నాకే అచ్చు వేస్తున్నాం.)

జవాబు: థీమ్ మార్చకు. బొమ్మలు మార్చు.

మీ సార్ కటువుగా అన్నా తప్పు అనలేదు. కాకపోతే సముద్రం ఒడ్డున వీపు పెట్టి నిలబడ్డ మనిషి పనికిరాని విషయమేం కాదు. జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిక్ 1808–1810 మధ్య సరిగ్గా అదే వేశాడు. సముద్రం ఒడ్డున ఒక సన్యాసి. ఇప్పుడా బొమ్మ బెర్లిన్‌లో ఉంది. మీటరున్నర పైన వెడల్పున్న కాన్వాసులో మనిషి చిన్న నల్లటి గీతలా ఉంటాడు, ముప్పాతిక పైగా ఆకాశమే. ఇన్‌ఫ్రారెడ్ పరీక్షల్లో బయటపడిన సంగతేమిటంటే, ఆయన మొదట ఆ నీళ్ల మీద ఓడలు గీశాడు. తర్వాత రంగు వేసి కప్పేశాడు. ఓడ ఉంటే చూసేవాడి కన్ను అక్కడ ఆగుతుంది, ఎవరో వస్తున్నారనో పోతున్నారనో ఒక కథ అల్లుకుంటుంది. ఓడలు పోయాక కంటికి ఆనుకోవడానికి ఏమీ దొరకలేదు. ఆ సన్యాసికీ దొరకలేదు.

మరి నీ బొమ్మలో? సూర్యుడు, నీళ్ల మీద నారింజ రంగు చార, రెండు పక్షులు, మూలన పడవ. ఇంతమంది తోడుంటే ఆయన ఒంటరివాడు ఎలా అవుతాడమ్మా?

కిటికీ అమ్మాయిది వేరే చిక్కు. నువ్వు మొత్తం బరువు ఆ మొహం మీద వేశావు. కళ్లు దించావు, పెదవులు కిందికి వంచావు, జుట్టు విరబోశావు. చూసేవాడు ఒక్క క్షణంలో "ఓహో, బాధగా ఉంది" అనుకుని పక్క బొమ్మకి వెళ్లిపోతాడు. అమెరికన్ చిత్రకారుడు ఎడ్వర్డ్ హాపర్ 1927లో వేసిన 'ఆటోమాట్' బొమ్మ నెట్‌లో తీసి పెద్దదిగా చేసి చూడు. రాత్రిపూట హోటల్లో ఒకామె ఒంటరిగా కాఫీ కప్పు పట్టుకుని కూర్చుంది. మొహంలో పెద్దగా ఏమీ లేదు. కానీ ఒక చేతికి గ్లౌజు ఉంది, రెండో చేతికి లేదు. వచ్చి కూర్చుంది గానీ అక్కడ కుదురుకోలేదన్న మాట. వెనకాల పెద్ద గాజు కిటికీ. అందులో వీధి కనపడదు, మనుషులు కనపడరు, హోటల్లోని దీపాల వరసలే చీకట్లోకి వెళ్తున్నట్టు ప్రతిబింబిస్తాయి. గ్లౌజు, గాజు. పనంతా ఆ రెండే చేశాయి, మొహానికి ఆయన విశ్రాంతి ఇచ్చాడు. తన బొమ్మల్లో ఒంటరితనం, ఒంటరితనం అని జనం మరీ ఎక్కువ చేస్తున్నారని హాపర్ అనేవాడట. నీ దగ్గరా ఆ విసుగు కాస్త ఉండాలి. 'ఏకాంతం' వేస్తున్నానన్న ధ్యాసలో పడితే ఏకాంతం రాదు, దాని పోస్టర్ వస్తుంది.

ఇక నలుగురున్న రూమ్ గురించి. ఇటలీలో బొలోన్యా అనే ఊళ్లో జార్జో మొరాండీ అని ఒకాయన ఉండేవాడు (1890–1964). జీవితమంతా సీసాలు, కూజాలు, డబ్బాలు వేశాడు. అంత నిశ్శబ్దమైన బొమ్మలు వేసిన మనిషి తల్లితో, ముగ్గురు చెల్లెళ్లతో ఒకే ఇంట్లో బతికాడు. స్టూడియో అంటే ఆయన పడుకునే గదే. పెళ్లి చేసుకోలేదు, ఊరు దాటింది తక్కువ. పక్క గదిలో చెల్లెళ్లు మాట్లాడుకుంటుంటే ఈయన దుమ్ము పట్టిన సీసాని అరంగుళం పక్కకి జరిపి చూసుకుంటూ కూర్చునేవాడు. మన చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1935లో వేసిన 'ముగ్గురు అమ్మాయిలు' కూడా చూడు. ముగ్గురూ పక్కపక్కనే, దాదాపు ఒకరినొకరు ఆనుకుని ఉంటారు. ఒక్కరూ పక్కవాళ్ల వైపు చూడరు. మీ రూమ్‌లో రాత్రి పదకొండింటికి నలుగురూ నాలుగు ఫోన్లలో ఉంటారు కదా, ఆ దృశ్యం నువ్వు రోజూ చూస్తున్నదే. జ్యూరీలో ఎవరైనా అడిగితే ఆ సంగతి చెప్పు.

సరే, అసలు విషయం. నువ్వు కొట్టేసిన వాక్యం.

నాలుగు పేజీల ఉత్తరంలో నేను ఆగి రెండోసారి చదివింది ఆ ఒక్క వాక్యమే. కిటికీ అమ్మాయి ఎవరో నీకు తెలియదు, ఆ సముద్రం నువ్వు ఎన్నిసార్లు చూశావో నాకు అనుమానమే. మీ అమ్మ కూర్చునే చోటు మాత్రం నీకు కళ్లు మూసుకున్నా తెలుసు. ఒళ్లో చాట, అందులో తంబాకు, తడిపి కత్తిరించిన తునికాకు, దారం, కత్తెర. చుట్టిన బీడీలు ఒక పక్క, కట్టలు ఇంకో పక్క. మీ ఇంట్లో కూర్చునేది గడప దగ్గరా, వసారాలోనా? వెలుగు ఎటువైపు నుంచి వస్తుంది? కరెంటు పోతే ఎక్కడికి జరుగుతుంది? దుబాయ్‌లో మనకంటే గంటన్నర వెనక. మీ నాన్న డ్యూటీ దిగి, వండుకుని తిని ఫోన్ చేసేసరికి ఇక్కడ రాత్రి పది దాటుతుంది. అప్పుడా ఫోన్ ఎక్కడుంటుంది? చెవి దగ్గరా, చాట పక్కన నేల మీద స్పీకర్లోనా? చేతులు ఖాళీ ఉండవు కాబట్టి నేల మీదే అని నేననుకుంటున్నాను. ఈ ఒక్క ఫోన్ ఉన్న చోటు సరిగ్గా వేస్తే నీకు సూర్యాస్తమయంతో పనుండదు.

సిరీస్ అంటే ఎనిమిది వేర్వేరు ఐడియాలు అనుకుంటున్నావు. కిటికీ ఒకటి, కుర్చీ ఒకటి, సముద్రం ఒకటి, ఇక నాలుగోది బహుశా రైల్వే స్టేషన్ బెంచీ. అలా పోతే అది క్యాలెండర్ అవుతుంది. సిరీస్‌లో ఏదో ఒకటి కదలకుండా ఉండాలి, ఏదో ఒకటి మారుతూ పోవాలి. కదలనిది గట్టిగా ఉంటేనే మారేది కంటికి ఆనుతుంది. డెన్మార్క్ చిత్రకారుడు విల్‌హెల్మ్ హామర్‌స్హోయ్ 1898 నుంచి 1909 దాకా కోపెన్‌హాగెన్‌లో ఒక పాత ఇంట్లో అద్దెకున్నాడు. ఆ ఇంటి గదులనే మళ్లీ మళ్లీ వేశాడు. అవే తలుపులు, అదే బల్ల. చాలా వాటిల్లో భార్య ఈడా మనకి వీపు పెట్టి నిలబడి ఉంటుంది. ఒకసారి తలుపు మూసి ఉంటుంది, ఒకసారి తెరిచి ఉంటుంది. ఒకసారి మనిషి ఉంటుంది, ఇంకోసారి ఎండ మాత్రమే ఉంటుంది. మన దేశంలో గీవ్ పటేల్ (1940–2023) ఉన్నారు. ముంబైలో డాక్టర్‌గా ప్రాక్టీస్ చేస్తూ బొమ్మలు వేశారు, కవిత్వం రాశారు. నేల మీద నిలబడి బావిలోకి తొంగి చూడటం అనే ఒక్క పనిని ఆయన ఏళ్ల తరబడి వేశారు. ఆకాశం లోపల కనబడే బావి ఒకటి, ఆకులు తేలే బావి ఒకటి. మెడ వంచి కిందికి చూడటం మాత్రం మారదు.

నీకు నేను చెప్పేది ఇది. మీ ఇంట్లో ఆ ఒక్క చోటు పట్టుకో. నీ కన్ను ఎత్తు కూడా ఒక్కటే ఉంచు. నువ్వూ నేల మీద కూర్చుని చూస్తే వచ్చే ఎత్తు అయితే బాగుంటుంది. నిలబడి చూస్తే అమ్మ చిన్నదైపోతుంది, జాలి వచ్చేస్తుంది, నాకది ఇష్టం లేదు. కాన్వాసు సైజూ ఒక్కటే ఉండనీ, రెండడుగులు మూడడుగులు చాలు. మారేవి పొద్దు, సామాను, మనిషి. ఎనిమిదింటిలో అమ్మ మూడింట్లోనో నాలుగింట్లోనో ఉంటే చాలనుకుంటాను. మిగతావాటిలో చాట గోడకి ఆనించి ఉండొచ్చు, కట్టలు కార్ఖానాకి వెళ్లిపోయి ఆ చోట తునికాకు తుంపులు మాత్రమే మిగలొచ్చు. ఖాళీ కుర్చీ పనికిరాదని నేను అనట్లేదు. ఎవరు లేచి వెళ్లారో తెలియని కుర్చీ పనికిరాదు.

కాన్వాసు ముట్టుకునే ముందు ఊరికి వెళ్లు. పెద్ద పుస్తకం వద్దు, అరచేతిలో పట్టే నోట్‌బుక్, పెన్సిల్. అగ్గిపెట్టెంత బొమ్మలు గీయి, నలభై యాభై గీయి. ఫొటోలు తీసుకో, కానీ ఫొటో చూసి వేయకు. ఫోన్ కెమెరా చీకటి మూలని కూడా వెలిగించేస్తుంది, నీకు కావాల్సింది ఆ చీకటి. గీసినవన్నీ గోడకి టేపుతో వరసగా అంటించి, చోట్లు మార్చి మార్చి చూడు. ఏది తీసేసినా వరస నిలబడుతుందో దాన్ని తీసెయ్.

ఇంకో ముఖ్యమైన మాట. అమ్మని అడుగు. వేయొచ్చా అని అడుగు, ఒక్కదానివే ఉంటే ఎలా ఉంటుంది అని కూడా అడుగు. జవాబు నువ్వు అనుకున్నట్టు ఉండకపోవచ్చు. లెక్క అప్పజెప్పి కార్ఖానా నుంచి వచ్చాక, కాళ్లు చాపుకుని టీ తాగే ఆ కాసేపూ ఎవరూ పలకరించకపోతే బాగుండు అనుకునే ఆడవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఏకాంతం అంటే ఏడుపే అని ఎవరు చెప్పారు? రాగాలని మనుషుల రూపంలో చూపించే పాత రాగమాల చిత్రాల్లో తోడి రాగిణి ఉంది. అడవిలో ఒక్కతే వీణ పట్టుకుని ఉంటుంది, జింకలు చుట్టూ చేరతాయి. విరహమే గానీ, ఆ బొమ్మలో బెంగ కంటే వినికిడి ఎక్కువ. సాలార్‌జంగ్ మ్యూజియం నీకు ఒక్క బస్సు దూరం. ఒక మధ్యాహ్నం అక్కడి మినియేచర్ల (చిన్న సైజు పాత చిత్రాల) దగ్గర గడుపు. బరోడా చిత్రకారుడు భూపేన్ ఖాఖర్ (1934–2003) స్వయంగా చార్టర్డ్ అకౌంటెంట్. ఆయన 1972లో గడియారాలు బాగుచేసే దుకాణదారుణ్ణి వేశాడు. గడియారాల మధ్య తన పనిలో తానున్న మనిషి. రంగులు పండగలా ఉంటాయి, మనిషి మాత్రం ఒక్కడే. ఒంటరి బొమ్మ బూడిద రంగులోనే ఉండాలన్న రూలేమీ లేదు.

రంగు మాట వచ్చింది కాబట్టి, నీ మూడు బొమ్మల్లోనూ నీడలన్నీ నల్ల ట్యూబులోంచి నేరుగా వచ్చాయి. ఫొటోలోనే తెలిసిపోతోంది. నల్ల ట్యూబు ఈ సిరీస్ అయ్యేదాకా పెట్టెలో పెట్టి తాళం వెయ్. అల్ట్రామెరిన్ బ్లూ, బర్న్ట్ అంబర్ కలిపితే నలుపుకి దగ్గరగా వస్తుంది. నీలం ఎక్కువైతే చల్లగా, అంబర్ ఎక్కువైతే వెచ్చగా. దానికి తెలుపు కలుపుకుంటూ పోతే బూడిద రంగులు ఎన్ని కావాలంటే అన్ని. తునికాకు ఆరుతున్నప్పుడు ఆకుపచ్చ నుంచి మట్టి రంగుకి మారుతుంది చూశావా, ఆ రంగుల వరసే నీ పాలెట్ అనుకో. రా అంబర్, యెల్లో ఆకర్, కొంచెం శాప్ గ్రీన్. ఎర్రటి దారం ముక్క ఒక్కటి ఎక్కడైనా పడితే గది మొత్తం దాని వైపు తిరుగుతుంది. అక్రిలిక్ వాడుతున్నట్టున్నావు. అది ఆరాక ఒక మెట్టు ముదురుతుంది. చీకటి గదుల బొమ్మల్లో ఆ తేడాకి నీడలన్నీ ఒకటైపోతాయి. కాబట్టి పాలెట్ మీద నీకు సరిపోయిందనిపించిన దానికంటే కాస్త లేతగా కలుపు. ముందు చిన్న ముక్క మీద వేసి ఆరనిచ్చి చూసుకో.

బొమ్మల పక్కన పెట్టే స్టేట్‌మెంట్ (నీ సిరీస్ గురించి నువ్వు రాసే మాట) రాసేటప్పుడు 'నేటి యాంత్రిక జీవనంలో మనిషి' అని మొదలుపెట్టావో, నేనే వచ్చి చింపేస్తాను. అమ్మ ఎన్నింటికి కూర్చుంటుంది, ఎన్నింటికి లేస్తుంది, నాన్న ఫోన్ ఎప్పుడొస్తుంది. ఇవి రాయి. అరపేజీ చాలు.

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు. తలుపు వేసుకుని గంటల తరబడి బొమ్మలు వేస్తుంది. అన్నింట్లోనూ ఒంటరిగా కూర్చున్న అమ్మాయే. నాకు భయంగా ఉంది. బొమ్మలు మాన్పించమంటారా? (కాకినాడ నుంచి ఒక తండ్రి)

జవాబు: మాన్పించకండి. బొమ్మ బ్లడ్ టెస్ట్ రిపోర్టు కాదండీ, అందులో కనిపించేదంతా వేసినవాళ్ల ఒంట్లో ఉందనుకోవడానికి. తలుపు వేసుకోవడం కూడా తప్పు కాదు, రంగు కలుపుతున్నప్పుడు ఎవరైనా వెనకాల నిలబడితే నాకూ చిరాకే. మీరు చూడాల్సింది బొమ్మల్ని కాదు. సరిగ్గా తింటోందా, నిద్రపోతోందా, స్నేహితురాళ్లతో మాట్లాడుతోందా, ఇష్టమైనవి మానేసిందా. వాటిలో వారాల తరబడి తేడా కనబడితే బొమ్మలతో సంబంధం లేకుండా డాక్టర్ దగ్గరకి తీసుకెళ్లండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు. ఇవేమీ లేకపోతే, "ఈమె ఎవరమ్మా?" అని అడగండి. "ఎందుకిలాంటివి వేస్తావ్?" అని మాత్రం అడగకండి. మొదటి ప్రశ్నకి జవాబొస్తుంది, రెండోదానికి తలుపు మూసుకుంటుంది.

ప్రశ్న: ఒకే విషయం మీద పది బొమ్మలు వేస్తే, ఐడియాలు లేక వేశాడంటారేమో? (వరంగల్)

జవాబు: అంటారు. ఫ్రెంచ్ చిత్రకారుడు క్లోద్ మోనే గడ్డివాముల్ని 1890–91లో పాతిక దాకా వేశాడు. 1891లో పారిస్‌లో వాటిలో పదిహేనింటిని ఒకేచోట పెట్టారు, బాగా అమ్ముడయ్యాయి కూడా. అయితే ఒక మాట. ఆయనకి వామి ఒక్కటే గానీ వెలుగు ఒక్కటి కాదు. మీ పదింటిలో రెండు పక్కపక్కన పెట్టి, రెండోది ఎందుకు వేశారో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే ఉంచండి. లేకపోతే ఆ కాన్వాసు మీద జెస్సో (రంగుకి ముందు వేసే తెల్ల పూత) కొట్టి మళ్లీ వాడుకోండి, ఖరీదు తక్కువేం కాదు.

ప్రశ్న: సిరీస్‌కి 'ఏకాంతం–1', 'ఏకాంతం–2' అని పేర్లు పెట్టొచ్చా? డిస్‌ప్లేలో ఎంత ఎత్తులో తగిలించాలి? (విశాఖ)

జవాబు: పెట్టొచ్చు గానీ, అప్పుడు చూసేవాడికి జవాబు ముందే చెప్పేసినట్టు. చోటో, వేళో పేరుగా పెట్టండి. 'వంటింటి గుమ్మం, సాయంత్రం' అంటే చాలు. ఇక ఎత్తు. బొమ్మ మధ్య భాగం నేల నుంచి 57–60 అంగుళాల దగ్గర ఉండేలా తగిలించడం గ్యాలరీల అలవాటు. అన్నింటికీ మధ్యభాగమే ఒక వరసలో ఉండాలి, పై అంచులు కాదు. రెండింటి మధ్య జాగా ధారాళంగా వదలండి. గోడ చాలకపోతే ఒక బొమ్మ తగ్గించండి, ఇరికించకండి. మేకులు కొట్టే ముందు గోడ మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుని, దూరం నుంచి ఒకసారి చూసుకోండి.